గేటు పుస్తకంలో ఆమె సమయం

నగర చరిత్రను కట్టడాలతో చెప్పడం మనకు అలవాటు. హైదరాబాదు గురించి రాసేవాళ్లు 1908 మూసీ వరదతో మొదలుపెట్టి, 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్ మీదుగా 1998 నాటి సైబర్ టవర్స్ దాకా వస్తారు. ఇదే చరిత్రను ఇంటి గడప దగ్గర నిలబడి చదివితే వేరే ప్రశ్న ఎదురవుతుంది. నగరం మారిన ప్రతిసారీ ఇంటి చాకిరీ ఎవరి చేతుల్లోకి వెళ్లింది?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అపార్ట్‌మెంట్ల చట్టం 1987లో వచ్చింది. వాకిలి, పెరడు ఉన్న ఇళ్లు ఒక్కొక్కటిగా కూలి, ఆ స్థలంలో నాలుగైదు అంతస్తులు లేచాయి. రుబ్బురోలు, బావిగట్టు పోయి మిక్సీ, కుళాయి, వాషింగ్ మెషీన్ వచ్చాయి. శరీరాన్ని విరిచే పని కొంత తగ్గిన మాట నిజమే. అయితే పని గంటలు తగ్గాయా? అమెరికన్ గృహిణుల విషయంలో ఈ ప్రశ్న వేసిన చరిత్రకారిణి రూత్ ష్వార్జ్ కోవన్, 1983లో వచ్చిన 'మోర్ వర్క్ ఫర్ మదర్' పుస్తకంలో తగ్గలేదనే తేల్చింది. మన దేశంలో 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసేవాళ్లలో స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తే పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. యంత్రం వచ్చినా శ్రమ విభజన మారలేదు.

అపార్ట్‌మెంటు మనకు ఇంకో మనిషిని కూడా ఇచ్చింది. ఆమె వాచ్‌మన్ భార్య. పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో వలస వచ్చిన కుటుంబానికి సెల్లార్‌లోనో మెట్ల కిందో ఒక గది ఇస్తారు. జీతం ఆయన పేరు మీద ఉంటుంది. మెట్లు ఊడ్చేదీ, చెత్త ఎత్తేదీ చాలాచోట్ల ఆమె. ఒక జీతానికి ఇద్దరి శ్రమ. ఏ చరిత్ర పుస్తకంలోనూ ఈ లెక్క కనిపించదు.

తర్వాత మాదాపూర్ వైపు కొత్త ఉద్యోగాలొచ్చాయి. స్త్రీలు రాత్రిపూట పనిచేయడంపై దుకాణాలు, సంస్థల చట్టంలో ఉన్న ఆంక్ష నుంచి 2002లో ఐటీ సంస్థలకు మినహాయింపు దొరికింది. చదువుకున్న అమ్మాయిలకు అది నిజమైన వెసులుబాటు. దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ రాత్రి డ్యూటీ ముగించి ఆమె ఇంటికొచ్చే వేళకి గిన్నెలు తోమడానికి బస్తీ నుంచి మరో స్త్రీ బయల్దేరాలి. ఇంట్లో మగవాడి దినచర్య మాత్రం పెద్దగా కదల్లేదు. చాకిరీ ఒక స్త్రీ చేతిలోంచి ఇంకో స్త్రీ చేతిలోకి మారింది. ఆ మార్పిడిలో కులమూ వర్గమూ తమ పని తాము చేశాయి.

ఇప్పుడు గేటెడ్ కమ్యూనిటీల దగ్గరకు వద్దాం. గేటు దగ్గర ఒకప్పుడు పుస్తకం ఉండేది, ఇప్పుడు చాలాచోట్ల ఫోన్ యాప్ ఉంది. పనికొచ్చే స్త్రీ ఎన్నింటికి లోపలికెళ్లిందో, ఎన్నింటికి బయటికొచ్చిందో అందులో నిమిషాలతో సహా నమోదవుతుంది. వెళ్లేటప్పుడు సంచీ చూపించాలి. కొన్నిచోట్ల ఆమెకు లిఫ్టు కూడా వేరే. ఇన్నాళ్లూ లెక్కకు రాని ఇంటిపని సమయం మొదటిసారి లిఖితరూపంలోకి వచ్చింది. కానీ అది వచ్చింది కాపలా కోసం, ఆమె వేతనం కోసం కాదు.

ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2007లోనే ఇంటిపనికి కనీస వేతనాలు ప్రకటించింది. పనిచోట లైంగిక వేధింపులను నిషేధించిన 2013 చట్టం నివాస గృహాన్ని కూడా పనిచేసే చోటుగా గుర్తించింది. అంటే మన ఇల్లు చట్టం దృష్టిలో ఒక పనిస్థలం, మనం యజమానులం. స్త్రీవాదులమైన మనకు ఈ మాట ఇబ్బందిగానే ఉంటుంది. ఆ ఇబ్బందిని దాటేయకుండా గేటు దగ్గరి ఆ లెక్కను ఆమె చేతికివ్వమని అడగాలి. వారానికో సెలవు, అదనపు గంటకు అదనపు డబ్బు కోరడానికి ఆమెకు అంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.