ఎనభై అయిదు సెంట్ల కసి

1892. అమెరికాలోని మిల్వాకీ నగరం. ఊళ్లోకి వచ్చిన 'ఎ ట్రిప్ టు చైనాటౌన్' నాటకం రెండో అంకంలో ఉంది. జె. ఆల్డ్రిచ్ లిబ్బీ అనే గాయకుడు ముందుకొచ్చి, నాటకంతో బొత్తిగా సంబంధం లేని ఓ పాట ఎత్తుకున్నాడు. మొదటి చరణం అయింది. ఒక్క చప్పట్టూ లేదు. రెండోదీ అయింది. హాల్లో ఉలుకూ పలుకూ లేదు.

పాట రాసిన చార్లెస్ కె. హారిస్ ప్రేక్షకుల్లోనే ఉన్నాడు. ముచ్చెమటలు పోశాయి. లేచి పారిపోబోతే పక్కనున్న మిత్రులు చేతులు గట్టిగా పట్టుకుని ఆపారు.

అంత భయం ఎందుకంటే, ఆ పాట మీద అతను అన్నీ ఒడ్డేశాడు. హారిస్‌ది బాంజో వాయించి బతికే బతుకు. స్వరలిపి చదవడం రాదు, రాయడం రాదు. తను కూనిరాగం తీస్తే జోసెఫ్ క్లాడర్ అనే సంగీతజ్ఞుడు కాగితం మీద పెట్టేవాడు. అడిగినవాళ్లకు అడిగినట్టు పాటలు రాసిస్తామని గది ముందు బోర్డు కూడా కట్టాడు. అంతకుముందు ఒక పాటను న్యూయార్క్ ప్రచురణకర్తలు విట్‌మార్క్ వారికిస్తే రాయల్టీ కింద వచ్చింది అక్షరాలా 85 సెంట్లు. డాలరైనా కాదు! ఇకమీదట నా పాట నేనే అచ్చేసుకుంటాను, నేనే అమ్ముకుంటానని ఆనాడే పంతం పట్టాడు.

ఈ కొత్త పాట పేరు 'ఆఫ్టర్ ద బాల్'. ఊళ్లోనే ఒకాయన మొదటిసారి పాడబోయి మధ్యలో సాహిత్యం మరిచిపోయాడు. దాంతో లిబ్బీని పట్టుకున్నాడు హారిస్. 500 డాలర్లు, పైగా అమ్మకాల్లో వాటా. లంచమనండి, పెట్టుబడి అనండి. పాటల వ్యాపారంలో ఈ పద్ధతి తర్వాత మామూలైపోయింది.

మూడో చరణం మొదలైంది. పాటలో ఒక ముసలాయన. నీకు పెళ్లీ పిల్లలూ ఎందుకు లేరని అడిగిన పసిపాపకు తన గతం చెబుతున్నాడు. నాట్యోత్సవంలో ప్రేయసికి మంచినీళ్లు తేవడానికి వెళ్లి తిరిగొచ్చేసరికి ఆమె ఎవరినో ముద్దాడుతూ కనిపించింది. సంజాయిషీ వినకుండా వెళ్లిపోయాడు. ఆమె పోయాక ఏళ్లకు ఒక ఉత్తరం వచ్చింది: ఆనాటి మనిషి ఆమె అన్న. అన్నాచెల్లెళ్లను ప్రేమికులని పొరబడటం మన సినిమాలకు కొత్తేమీ కాదు. ఇక్కడ దాన్ని తిశ్రగతిలో ఊగే వాల్ట్జ్ వరసలో పెట్టాడు. రెండు చరణాల దాకా చప్పట్లు రాకపోవడానికి కారణం కూడా ఇదేనని నా అనుమానం. కథ తేలకుండా చప్పట్లెవరు కొడతారు?

ఉత్తరం సంగతి తేలింది. హారిస్ ఆత్మకథ ప్రకారం, ఒక నిమిషం నిశ్శబ్దం. ఆపైన జనమంతా లేచి నిలబడి అయిదు నిమిషాలు చప్పట్లు కొట్టారు.

గ్రామఫోన్ ఇంకా ఇళ్లలోకి రాని కాలం. పాట కొనడమంటే స్వరాలు అచ్చేసిన కాగితాలు కొని, ఇంట్లో పియానో ముందు కూర్చుని పాడుకోవడమే. బోస్టన్‌లోని ఆలివర్ డిట్సన్ సంస్థ ఒక్కసారే 75,000 ప్రతులకు ఆర్డరిచ్చింది. అట్ట మీద 'సాటిలేని బారిటోన్' అంటూ లిబ్బీ ఫొటో. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనకు వచ్చిన లక్షల మందికి జాన్ ఫిలిప్ సూసా బ్యాండు ఈ పాటను వాయించి వినిపించింది. (ఆ సెప్టెంబరులో వివేకానందుడు మాట్లాడిన సర్వమత మహాసభ ఈ ప్రదర్శనకు అనుబంధంగా జరిగిందే.) చివరికి అమ్మకాలు 50 లక్షల ప్రతులు దాటాయంటారు.

అచ్చేసింది తనే, అమ్మింది తనే కాబట్టి ఆ డబ్బులో సింహభాగం హారిస్‌దే అయింది. పాట కూడా అంత తేలిగ్గా మరుగున పడలేదు. 1927లో 'షో బోట్' నాటకానికి సంగీతం కట్టిన జెరోమ్ కెర్న్ సామాన్యుడు కాదు. అయినా పాత రోజులు చూపించాల్సిన చోట సొంత వరస కట్టకుండా, బాంజో హారిస్ పాటనే తెచ్చి పెట్టుకున్నాడు. ఆ ముచ్చట కూడా తీరాకే, 1930లో హారిస్ కన్నుమూశాడు.