రాయ్‌బరేలీ తెలిసినవారికి మెదక్ తెలియలేదు: విదేశీ పత్రికల్లో ఇందిరమ్మ

మెదక్‌లో అరవై దాటినవారిని కదిలిస్తే ఇందిరమ్మ ముందు ‘మా ఎంపీ’, ఆ తర్వాతే ప్రధానమంత్రి. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ మాటే. విదేశీ పత్రికల కథనాల్లో, వాటి మీద ఆధారపడ్డ జీవిత చరిత్రల్లో ఈ ఊరు దాదాపు కనిపించదు. అది లోపమని మనవాళ్లూ అనుకోలేదు. ఓటమి భయంతో వెతుక్కున్న సురక్షిత స్థానం, అంతకు మించి మెదక్ గురించి చెప్పేదేముందని కొట్టిపారేశారు. నా పేచీ ఈ సురక్షిత స్థానవాదంతోనే.

రాయ్‌బరేలీ పేరు ప్రపంచానికి ఎలా తెలిసింది? 1971లో అక్కడ ఆమె గెలిచిన ఎన్నికను 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు కొట్టేసింది. 1977లో రాజ్ నారాయణ్ చేతిలో ఆమె ఓడిందీ అక్కడే. మధ్యలో ఎమర్జెన్సీ. సెన్సారు కారణంగా బీబీసీ విలేకరి మార్క్ టలీ దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. ఆమె పతనం విదేశీ విలేకరులకు సొంత గాయం కూడా. అందుకే దాన్ని ఊరి పేరుతో సహా గుర్తు పెట్టుకున్నారు.

లేచి నిలబడ్డ చోటు మాత్రం వారికి పట్టలేదు. 1977లో ఉత్తరాది ఊడ్చిపెట్టుకుపోయినా ఆంధ్రప్రదేశ్ 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. మరుసటి ఏడాది శాసనసభ ఎన్నికల్లో కొత్తగా వచ్చిన హస్తం గుర్తును గెలిపించి చెన్నారెడ్డిని ముఖ్యమంత్రిని చేసింది. 1980 జనవరిలో ఇందిర రాయ్‌బరేలీలోనూ మెదక్‌లోనూ నిలిచి రెండూ గెలిచారు. మెదక్‌లో ఎస్. జైపాల్ రెడ్డి మీద ఆధిక్యం రెండు లక్షలు దాటింది. తర్వాత ఆమె వదులుకున్నది రాయ్‌బరేలీని. భద్రత కోసమే వచ్చి ఉంటే, ఆ గండం గడిచాక భర్త కాలం నుంచీ వస్తున్న సీటును వదిలి ఈ సీటును ఎందుకు ఉంచుకున్నట్టు? సురక్షిత స్థానవాదులు దీనికి జవాబు చెప్పాలి. ఏడో లోక్‌సభ సభ్యుల వివరాల్లో ఆమె పేరు పక్కన ఉన్నది మెదక్, ఆంధ్రప్రదేశ్.

మెదక్ విదేశాలకు తెలియని ఊరా? కరువు కాలంలో కూలి చూపించి మిషనరీ పాస్నెట్ దొర కట్టించిన చర్చి 1924 నుంచీ ఆ పేరును సముద్రాలు దాటించింది. రైలు మాత్రం 2022 దాకా రాలేదు. ఢిల్లీలో మకాం వేసిన విలేకరికి ఇది దూరాభారమే. 1980 ఫలితాల వార్తల్లో మెదక్ ప్రస్తావన అసలే లేదని కాదు, ఉన్నది ముక్తసరిగా.

1984 అక్టోబరు 31 ఉదయం ఆమె నడుచుకుంటూ వెళ్తున్నది బ్రిటిష్ నటుడు పీటర్ ఉస్తినోవ్‌కు ఇంటర్వ్యూ ఇవ్వడానికే. కెమెరాలు సిద్ధంగా ఉన్నాయి. దారిలోనే అంగరక్షకుల కాల్పులకు ఆమె బలయ్యారు. మరణవార్తను ఆకాశవాణి కంటే ముందే బీబీసీ చెప్పింది. ఆనాడు ఖాళీ అయింది ప్రధాని కుర్చీ ఒక్కటే కాదు, మెదక్ సీటు కూడా. ఆ డిసెంబరులో మెదక్ తెలుగుదేశాన్ని గెలిపించిన మాట నిజమే కానీ, అది ఎన్టీఆర్ గాలి, 1980 తీర్పును అది చెరపదు. దక్షిణాదిని పక్కన పెట్టి ఏ భారత నాయకుడి గురించి రాసినా అది సగం చరిత్రే.

1980లో ఇక్కడ ఓటేసినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. తెలుగు, చరిత్ర శాఖల విద్యార్థులు ఆలస్యం చేయకుండా వారి మాటలు రికార్డు చేయాలని నా మనవి.