పరుగు పందేల మధ్యకాల సాధన

ఒక పరుగు పందెం ముగిసిన నాటి నుండి తరువాతి పందెపు ప్రత్యేక శిక్షణ మొదలయ్యే వరకు రన్నర్లు చేసే తేలికపాటి, క్రమబద్ధమైన వ్యాయామాన్ని పందేల మధ్యకాల సాధన అంటారు. వృత్తిరీత్యా క్రీడాకారులు కాకపోయినా ఆరోగ్యం కొరకు, ఆనందం కొరకు 10 కి.మీ., అర్ధ మారథాన్ (21.1 కి.మీ.), మారథాన్ (42.195 కి.మీ.) పందేలలో పాల్గొనే ఔత్సాహిక రన్నర్లకు ఇది చాలా ముఖ్యమైనది. సాధారణంగా వీరికి శిక్షకుడు గాని, జట్టు గాని, జీతం గాని ఉండవు. పందెం తేదీ దగ్గర పడుతున్నంత కాలం ఆ తేదీయే వీరిని తెల్లవారుజామున నిద్ర లేపుతుంది. అది దాటిపోగానే ఆ ప్రేరణ కూడా తొలగిపోతుంది. అందువలన పరుగు అలవాటు తప్పిపోయే ప్రమాదం, కొన్ని నెలలు పూర్తిగా మానివేసి తరువాతి పందెం ముందు హడావుడిగా మొదలుపెట్టి గాయపడే ప్రమాదం ఈ కాలంతోనే ముడిపడి ఉన్నాయి. సంపాదించిన దారుఢ్యాన్ని నిలుపుకొనడానికి, దానిని సంపాదించడానికి పడిన శ్రమలో కొంత భాగం సరిపోతుందన్నది ఈ సాధనకు మూలసూత్రం.

చరిత్ర

సంవత్సరాన్ని దశలుగా విభజించి, పందేలు లేని నెలలలో దీర్ఘమైన, నిదానమైన పరుగుతో పునాది వేసుకొనే పద్ధతికి ప్రాచుర్యం తెచ్చినవాడు న్యూజీలాండ్‌కు చెందిన శిక్షకుడు ఆర్థర్ లిడియార్డ్ (1917 - 2004). ఆక్లండ్ నగరంలో చెప్పుల తయారీ పనిలో ఉండిన లిడియార్డ్ ఈ పద్ధతిని మొదట తన శరీరం మీదనే పరీక్షించుకున్నాడు. ఆయన శిష్యులు పునాది దశలో వారానికి సుమారు 100 మైళ్ళు (160 కి.మీ.) పరుగెత్తేవారు. నగరానికి పడమరగా ఉన్న వైటాకెరె కొండల దారులలో 22 మైళ్ళ పరుగు వారి సాధనలో ప్రసిద్ధమైన భాగం. ఆ తరువాత కొండ ఎక్కే పరుగులు, వేగపు పరుగులు, చివరిగా పందేలు వరుసగా వచ్చేవి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యులు పీటర్ స్నెల్ 800 మీటర్లలోను, ముర్రే హాల్‌బెర్గ్ 5,000 మీటర్లలోను స్వర్ణ పతకాలు, బారీ మెగీ మారథాన్‌లో కాంస్య పతకం గెలుచుకొనడంతో ఈ పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది.

లిడియార్డ్ పందెగాళ్ళకు మాత్రమే గాక సామాన్యులకు కూడా నిదానపు పరుగును నేర్పాడు. 1960ల తొలినాళ్ళలో ఆక్లండ్‌లో నడివయస్సువారితో జాగింగ్ బృందం ఏర్పడింది. న్యూజీలాండ్ వెళ్ళి దీనిని చూసిన అమెరికా శిక్షకుడు బిల్ బోవర్‌మన్, ఒక హృద్రోగ వైద్యునితో కలిసి 1967లో ప్రచురించిన "జాగింగ్" అనే పుస్తకం అమెరికాలో ఈ వ్యాయామం విస్తరించడానికి తోడ్పడింది. పందెంతో నిమిత్తం లేకుండా పరుగెత్తవచ్చునన్న భావన ఆ విధంగా జనసామాన్యంలోకి వచ్చింది.

విరామంలో శరీరానికి కలిగే మార్పులు

పరుగు పూర్తిగా మానివేసినప్పుడు మొదట తగ్గేది రక్తంలోని ద్రవభాగం. దీనివలన గుండె ఒక్కొక్క స్పందనకు పంపే రక్తం తగ్గి, అదే వేగానికి నాడి ఎక్కువగా కొట్టుకుంటుంది. ఎడ్వర్డ్ కోయల్ బృందం 1984లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, బాగా సాధన చేసినవారు వ్యాయామం మానివేసిన మొదటి 21 రోజులలో వారి గరిష్ఠ ఆక్సిజన్ వినియోగ సామర్థ్యం 7 శాతం తగ్గింది. 56 రోజులు గడిచేసరికి అది 16 శాతం దిగువన స్థిరపడింది. అనగా ఒక వారం విశ్రాంతి వలన పెద్ద నష్టం లేదు గాని, రెండు నెలల విరామం వలన నష్టం గణనీయంగా ఉంటుంది.

దీనికి మరొక పార్శ్వాన్ని రాబర్ట్ హిక్సన్ బృందం 1980లలో చేసిన ప్రయోగాలు చూపాయి. వారానికి 6 రోజులు, రోజుకు 40 నిమిషాలు చొప్పున 10 వారాలు కఠినంగా సాధన చేసినవారు, ఆ తరువాత 15 వారాల పాటు సాధనను తగ్గించారు. వారి ఫలితాలు ఈ విధంగా ఉన్నాయి.

* వారానికి 4 రోజులకు లేదా 2 రోజులకు తగ్గించినప్పటికీ, తీవ్రత తగ్గనంతవరకు గరిష్ఠ ఆక్సిజన్ వినియోగ సామర్థ్యం నిలిచి ఉంది.
* రోజుకు 40 నిమిషాలను 26 లేదా 13 నిమిషాలకు తగ్గించినా ఆ సామర్థ్యం నిలిచింది. అయితే 13 నిమిషాలు మాత్రమే చేసినవారిలో ఎక్కువసేపు శ్రమించే ఓర్పు తగ్గింది.
* రోజులు, సమయం యథాతథంగా ఉంచి తీవ్రతను తగ్గించినప్పుడు మాత్రం సామర్థ్యం పడిపోయింది.

కావున తీరిక లేని నెలలలో రోజులు తగ్గించుకొనవచ్చును, దూరం తగ్గించుకొనవచ్చును. కాని వారానికి ఒకసారైనా ఊపిరి ఎగబీల్చేటంత వేగంగా కొద్దిసేపు పరుగెత్తడం, ఒకసారైనా కొంత ఎక్కువసేపు పరుగెత్తడం మేలు.

సాధన దశలు

కోలుకొనే దశ: మారథాన్ వంటి దీర్ఘ పందెం తరువాత కండరాలలోని సూక్ష్మ గాయాలు మానడానికి కొన్ని రోజుల నుండి కొన్ని వారాలు పడుతుంది. నొప్పులు తగ్గినంత మాత్రాన శరీరం పూర్తిగా కోలుకున్నట్లు కాదు. పందెంలో పరుగెత్తిన ప్రతి మైలుకు ఒక రోజు చొప్పున కఠిన సాధనకు దూరంగా ఉండాలన్న నియమం రన్నర్లలో వాడుకలో ఉంది. 1974 కామన్వెల్త్ క్రీడలలో 41 ఏళ్ళ వయస్సులో మారథాన్ రజత పతకం గెలిచిన న్యూజీలాండ్ రన్నరు జాక్ ఫాస్టర్ పేరుతో ఈ నియమాన్ని చెబుతారు. ఈ లెక్కన మారథాన్‌కు 26 రోజులు, అర్ధ మారథాన్‌కు 13 రోజులు అవుతుంది. ఇది శాస్త్రీయంగా నిర్ణయించిన సంఖ్య కాదు, అనుభవం మీద ఏర్పడిన కొలత. మొదటి వారం నడక, ఈత, సైకిలు వంటివి, ఆ తరువాత తేలికపాటి పరుగు అనుకూలమైనవి.

పునాది దశ: మధ్యకాలంలో అధిక భాగం ఈ దశయే. పక్కవారితో పూర్తి వాక్యాలలో మాట్లాడగలిగేటంత నిదానంగా, వారానికి 3 నుండి 5 రోజులు పరుగెత్తుతారు. మొత్తం సాధనలో సుమారు 80 శాతం ఇటువంటి తేలిక పరుగు ఉండాలని పలువురు శిక్షకులు సూచిస్తారు. ఔత్సాహికులు సాధారణంగా చేసే పొరపాటు తేలిక రోజున వేగంగా పరుగెత్తి, వేగపు రోజు వచ్చేసరికి అలసిపోవడం.

బలం పెంచే వ్యాయామాలు: పందెపు శిక్షణ కాలంలో వీటికి తీరిక దొరకదు కనుక మధ్యకాలమే అనువైనది. వ్యాయామశాలకు వెళ్ళనవసరం లేదు. బస్కీలు, దండీలు, మెట్టు అంచుపై మునివేళ్ళతో లేచి దిగడం, ఒంటి కాలిపై నిలబడడం వంటివి వారానికి రెండుసార్లు 20 నిమిషాలు చేసినా తొడలు, పిక్కలు, నడుము బలపడతాయి.

తెలుగు ప్రాంతాలలో

దక్షిణ భారతదేశపు రన్నర్లకు ఈ మధ్యకాలం వేసవితో కలిసి వస్తుంది. ముంబై మారథాన్ (2004లో ప్రారంభం) జనవరిలోను, హైదరాబాద్ మారథాన్ ఆగస్టులోను, విశాఖపట్నంలో నౌకాదళం నిర్వహించే మారథాన్ సంవత్సరపు చివరి నెలలలోను జరుగుతాయి. జనవరిలో ముంబైలో పాల్గొని ఆగస్టులో హైదరాబాదులో పాల్గొనదలచినవారికి నడుమ సుమారు 7 నెలల కాలం ఉంటుంది. తెలంగాణ, రాయలసీమలలో మే నెల ఎండ 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. కోస్తాలో ఉష్ణోగ్రత కొంత తక్కువైనా గాలిలో తేమ వలన చెమట ఆరదు. ఇటువంటివారికి అనుకూలమైన ఒక ప్రణాళిక ఈ విధంగా ఉంటుంది.

* జనవరి చివర - ఫిబ్రవరి మధ్య: విశ్రాంతి, నడక, తేలిక పరుగు.
* ఫిబ్రవరి మధ్య - ఏప్రిల్ మొదలు: పునాది పరుగు, బలం పెంచే వ్యాయామాలు.
* ఏప్రిల్ - మే: ఎండలు ముదిరే కాలం. వారానికి 3 రోజులు, సూర్యోదయానికి ముందు, తక్కువ దూరం.
* జూన్ - ఆగస్టు: తొలకరితో వాతావరణం చల్లబడిన తరువాత దూరం పెంచుతూ పందెపు శిక్షణ. హైదరాబాద్ మార్గంలో ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు ఎక్కువ కనుక ఎగువకు పరుగెత్తే సాధన అవసరం.

ఎండకు శరీరం అలవాటు పడడానికి సుమారు 10 నుండి 14 రోజులు పడుతుంది. ఆ కాలంలో చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది, రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, నాడి వేగం తగ్గుతుంది. వేసవిలో గడియారం చూపే వేగం తగ్గడం సహజం. దానిని సామర్థ్యం తగ్గినట్లుగా భావించి నిరుత్సాహపడడం తగదు. వేసవిలో వేగానికి బదులు శ్రమను, సమయాన్ని కొలమానంగా తీసుకుంటారు. పరుగు తరువాత ఉప్పు వేసిన మజ్జిగ, రాగి జావ, గంజి వంటివి నీటిని, లవణాలను తిరిగి అందిస్తాయి.

ఉత్సాహాన్ని నిలుపుకొనే పద్ధతులు

పెద్ద పందెం తరువాత కొన్ని రోజులు వెలితిగా, నిస్పృహగా అనిపించడం రన్నర్లలో సాధారణం. నెలల తరబడి ఉన్న లక్ష్యం ఒక ఉదయంతో తీరిపోవడమే దీనికి కారణం. ఇది కొద్ది వారాలలో సర్దుకుంటుంది.

అలవాటుగా మార్చుకొనడం: ఫిలిప్పా లాలీ బృందం లండన్‌లో 96 మందిపై చేసిన అధ్యయనంలో ఒక కొత్త పని అలవాటుగా స్థిరపడడానికి సుమారు 66 రోజులు పట్టింది. వ్యక్తిని బట్టి, పనిని బట్టి ఇది 18 నుండి 254 రోజుల వరకు మారింది. ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడడం దెబ్బతినలేదు. ప్రతిరోజు ఒకే సమయానికి, ఒకే పని తరువాత (ఉదాహరణకు కాఫీ తాగిన వెంటనే) పరుగుకు బయలుదేరడం ఇందుకు తోడ్పడుతుంది.

చిన్న లక్ష్యాలు: పందెంలో ఇన్ని గంటలలో ముగించాలన్న లక్ష్యం వాతావరణం, ఆరోగ్యం వంటి అనేక విషయాలపై ఆధారపడుతుంది. "ఈ వారం మూడు రోజులు బయటికి వెళ్ళాలి" అన్న లక్ష్యం చాలావరకు మనిషి చేతిలో ఉంటుంది. అందుచేత మధ్యకాలంలో రెండవ రకం లక్ష్యాలే మేలు. తేదీ, దూరం, శరీరస్థితి రాసుకొనే దినచర్య పుస్తకం ఇందుకు సహాయపడుతుంది.

తోడు: మనిషిని స్వచ్ఛందంగా ఒక పనిలో నిలిపి ఉంచే అవసరాలు మూడని ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే మనస్తత్వవేత్తలు ప్రతిపాదించారు. అవి స్వేచ్ఛ, చేయగలనన్న నమ్మకం, ఇతరులతో అనుబంధం. మూడవదానికి మంచి ఉదాహరణ 2004 అక్టోబరు 2న లండన్‌లోని బుషీ పార్కులో పాల్ సింటన్-హ్యూవిట్ 13 మందితో ప్రారంభించిన శనివారపు 5 కి.మీ. ఉచిత పరుగు. "పార్క్‌రన్" పేరుతో ఇది అనేక దేశాలకు విస్తరించింది. ఇందులో బహుమతులు లేవు. వారం వారం తెలిసినవారు కలుసుకొనడమే ఆకర్షణ. హైదరాబాదులో నెక్లెస్ రోడ్డు, కె.బి.ఆర్. పార్కు పరిసరాలలోను, విశాఖపట్నం బీచ్ రోడ్డులోను ఉదయం పూట కలిసి పరుగెత్తే బృందాలు ఇదే పాత్ర నిర్వహిస్తున్నాయి.

జాగ్రత్తలు

* తిరిగి మొదలుపెట్టేటప్పుడు ఊపిరితిత్తులు, గుండె త్వరగా పుంజుకుంటాయి. ఎముకలు, స్నాయుబంధాలు ఆలస్యంగా బలపడతాయి. ఊపిరి అందుతున్నది కదా అని దూరం ఒక్కసారిగా పెంచడం పిక్క ముందు ఎముక నొప్పికి, ఎముకలో సన్నని పగుళ్ళకు దారితీయవచ్చును.
* గతంలో గాయపడిన చోటనే తిరిగి గాయపడే అవకాశం ఎక్కువ. నడిచేటప్పుడు కూడా ఒకే చోట నొప్పి ఉన్నట్లయితే వైద్యుని సంప్రదించాలి.
* ఉదయం లేవగానే నాడి మామూలుకన్నా స్పష్టంగా ఎక్కువగా ఉండడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు అధిక శ్రమకు సూచనలు కావచ్చును.
* జ్వరం ఉన్నప్పుడు పరుగెత్తరాదు. ఛాతీ నొప్పి, కళ్ళు తిరగడం వంటివి కలిగినప్పుడు వెంటనే ఆపివేయాలి.
* 500 నుండి 800 కి.మీ. తరువాత బూట్లు మార్చడం వాడుకలో ఉన్న సలహా. మనిషి బరువు, రోడ్డు స్వభావాన్ని బట్టి ఇది మారుతుంది.

భిన్నాభిప్రాయాలు

వారానికి 10 శాతానికి మించి దూరం పెంచరాదన్న నియమం విస్తృతంగా ప్రచారంలో ఉన్నప్పటికీ, నెదర్లాండ్స్‌లో కొత్త రన్నర్లపై జరిగి 2008లో వెలువడిన అధ్యయనంలో ఆ నియమాన్ని పాటించినవారికి, పాటించనివారికి గాయాల సంఖ్యలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. క్రమంగా పెంచడం మంచిదన్నంతవరకే దీనిని గ్రహించాలి.

ఒక్కరోజు కూడా మానకుండా పరుగెత్తే పద్ధతిపై కూడా భిన్నాభిప్రాయాలున్నాయి. 1970 బోస్టన్ మారథాన్ విజేత, బ్రిటన్‌కు చెందిన రాన్ హిల్ 1964 డిసెంబరు నుండి 2017 జనవరి వరకు 52 సంవత్సరాలకు పైగా ప్రతిదినం కనీసం ఒక మైలు పరుగెత్తాడు. గుండెకు సంబంధించిన ఇబ్బంది కలగడంతో ఆ వరుసను తానే ముగించాడు. ఇటువంటి నియమం కొందరికి బలాన్నిస్తుంది. జ్వరంతోను, గాయంతోను కూడా పరుగెత్తేలా మరికొందరిని బలవంతపెడుతుంది. ఔత్సాహికునికి వరుస తెగకపోవడం కన్నా, తెగిన తరువాత తిరిగి మొదలుపెట్టగలగడమే ముఖ్యమని ఎక్కువమంది శిక్షకుల సలహా.

ఇవి కూడా చూడండి

* పరుగు
* మారథాన్
* వ్యాయామం
* నడక