కొల్లేటి గట్టున గరగలు: ఒక జాతర చరిత్ర

ఆంధ్రదేశ చరిత్ర అనగానే మనకు శిలాశాసనాలు, తామ్రపత్రాలు, కైఫియతులు గుర్తుకు వస్తాయి. దానమిచ్చిన రాజు పేరు రాతి మీద ఉంటుంది. మండపం కట్టించిన సామంతుడి పేరు స్తంభం మీద ఉంటుంది. ఆ గుడి ముందు రాత్రంతా డప్పు కొట్టినవాని పేరు, తల మీద గరగ నెత్తుకొని తెల్లవార్లూ ఆడినవాని పేరు మాత్రం ఎక్కడా కనబడదు. అంతమాత్రాన వీధిలో ఆడిన ఆటకు చరిత్ర లేదనడం నాకు సమ్మతం కాదు. మా ఆకివీడు చుట్టుపక్కల, కొల్లేటి గట్టున ఇప్పటికీ జరిగే జాతరలను ఆధారం చేసుకొని, ఆ చరిత్రను ఎంతవరకు పట్టుకోవచ్చునో చూడాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా మాటల సంగతి. 'యాత్ర' అన్న సంస్కృత పదమే మన నోట 'జాతర' అయింది. గోదావరి జిల్లాల్లో ఈ ఉత్సవానికి 'తీర్థం' అని, 'సంబరం' అని కూడా పేర్లున్నాయి. మా వైపు 'అమ్మవారి సంబరం' అంటేనే అందరికీ చప్పున తెలుస్తుంది. తీర్థానికి వెళ్ళినవారు జీళ్ళు, ఖర్జూరం, గాజులు కొనుక్కోకుండా ఇంటికి రారు. ఈ మూడు మాటల్లో మూడు భావాలున్నాయి: నడిచి వెళ్ళడం, నీటిలో మునగడం, ఆనందించడం. కొల్లేటి జాతరలో ఈ మూడూ కలుస్తాయి.

కొల్లేటికోట సరస్సు నడుమనున్న ఒక లంక గ్రామం. 2022 వరకు కృష్ణా జిల్లాలో ఉండేది. ఆ ఏడు జిల్లాల పునర్విభజనలో కైకలూరు మండలంతో పాటు ఏలూరు జిల్లాలో చేరింది. అక్కడ కొలువైన తల్లి పెద్దింట్లమ్మ. పేరు చెప్తున్నట్టే పెద్ద ఇంటి ఇల్లాలు. ఏటా ఫాల్గుణ శుద్ధ పక్షంలో ఆమెకు జాతర. జలదుర్గా గోకర్ణేశ్వరుల కల్యాణం అందులో భాగం. ఒకప్పుడు ఆ గుడికి పడవ మీద తప్ప చేరే దారి లేదు. చుట్టుపక్కల లంకల నుండి జనం వంట సామానుతో, మేకపోతులతో, కోళ్ళతో పడవలెక్కి వచ్చి, అక్కడే వండుకొని, అక్కడే పడుకొని వెళ్ళేవారు.

కొల్లేటికోట గురించి పాత గెజెటీర్లలోకి కూడా ఎక్కిన ఒక కథ ఉంది. లంకలో లాంగూల గజపతి కోట ఉండేదట. శత్రుసైన్యం సరస్సు ఒడ్డున చిగురుకోట వద్ద విడిసింది. నీరు అడ్డుగా ఉన్నంతకాలం కోట చిక్కదు గనుక, సరస్సు నీటిని సముద్రంలోకి తోడివేయడానికి కాలువ త్రవ్వారు. అదే నేటి ఉప్పుటేరు అని కథ. ఆ సందర్భంలో ఓఢ్ర సేనాని తన కూతురినే దేవతలకు బలి ఇచ్చాడనీ, అందువల్లనే ఆ కాలువకు పేరంటాల కనుమ అన్న పేరు వచ్చిందనీ చెప్తారు.

ఈ కథను చరిత్రగా తీసుకుంటే కాలం కుదరదు. లాంగూల నరసింహదేవుడని పేరుపొందినవాడు కోణార్క ఆలయం కట్టించిన గంగవంశపు రాజు. 1238 నుండి 1264 వరకు పాలించాడు. ఢిల్లీ సేనలు ఓరుగల్లును పట్టుకొన్నది 1323లో; రాజమహేంద్రవరం మసీదు శాసనం 1324 నాటిది. అంతకుముందు సుల్తానుల సైన్యం కొల్లేటి ఒడ్డున విడిసిందనడానికి ఆస్కారం లేదు. ఓఢ్ర గజపతులు ఈ తీరాన్ని నిజంగా ఏలినది కపిలేంద్రుని కాలం నుండి, అంటే 15వ శతాబ్దిలో. కాబట్టి 13వ శతాబ్దపు రాజు పేరును, 15వ శతాబ్దపు యుద్ధాల జ్ఞాపకాన్ని జనం ఒకే దారానికి గుచ్చారని నా అభిప్రాయం. కొల్లేటి లంకల్లో చేపలవేటే జీవనంగా ఉన్న వడ్డీల పేరులో ఓఢ్ర దేశపు జాడ ఉందని పెద్దలు చెప్పే మాట కూడా ఇక్కడ తలచుకోవలసినదే.

అయితే కథలో తేదీలు తప్పినా భయం తప్పు కాదు. కొల్లేరు బ్రతుకంతా నీటి మట్టం మీద ఆధారపడినది. బుడమేరు, తమ్మిలేరు నీరు తెచ్చి పోస్తాయి. ఉప్పుటేరు ఒక్కటే సముద్రానికి దారి. నీరు ఎక్కువైతే లంకలు మునుగుతాయి, తక్కువైతే వేట పోతుంది. నీటికి ఒక ప్రాణం అర్పించవలసి వచ్చిందన్న కథ పుట్టడానికి ఇంతకన్న కారణం అక్కరలేదు. అకాలమరణం పాలైన ఆడపడుచును 'పేరంటాలు'గా కొలవడం తెలుగుదేశమంతటా ఉన్న ఆచారం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు ఆ నీరు దిగువకు వచ్చి కొల్లేటి గ్రామాలను చుట్టుముట్టింది. జలదుర్గ అన్న పేరు ఆనాడు ఎంత సార్థకమో, ఈనాడూ అంతే.

ఇక గరగ. సంస్కృతంలో 'కరకము' అంటే నీటి పాత్ర. అదే కన్నడంలో కరగ, తమిళంలో కరగం, మనకు గరగ. బెంగళూరులో చైత్ర పౌర్ణమి నాడు తిగళులు ధర్మరాయ దేవాలయం నుండి ఎత్తే కరగ, తమిళ దేశంలో మారియమ్మ ముందు ఆడే కరగాట్టం, మా ఊళ్ళ గరగ ఒక్క తల్లి బిడ్డలు. గుడిలో విగ్రహం కదలదు గనుక, అమ్మవారు ఊరంతా తిరగాలంటే ఆమెను కుండలోకి ఆవాహన చేయాలి. ఆ కుండకు పసుపు కుంకుమలు పూసి, వేపమండలు చుట్టి, వెనుక పాము పడగ అమర్చి, చుట్టూ రంగుచీరల కుచ్చెళ్ళు కట్టి తల మీద పెట్టుకొంటారు. చేతితో పట్టుకోరు. డప్పు దెబ్బకు అడుగు వేస్తూ, మోకాళ్ళ మీద కూర్చుంటూ, వెనక్కు వంగి నేల మీది నోటును నోటితో అందుకొంటూ ఆడతారు. ఇంత ఆటలోనూ కుండ ఒరగకూడదు. నీటితో నిండిన లోకంలో నీటి పాత్రే దైవం కావడం, అది తొణకకుండా ఉండడమే నృత్యం కావడం నాకు ఎంతో సహజంగా తోస్తుంది.

గరగల వెనుక ఇతర వేషాలు వస్తాయి. వెదురు బుట్ట అల్లి, పైన కాగితమూ మట్టీ అద్ది, రంగులు వేసి, లోపల మనిషి దూరి ఆడే బుట్టబొమ్మలు. వీటికి తణుకు పేరు పొందింది. పులివేషాలు, కీలుగుర్రాలు, కాళికా వేషం, కోలాటం, తాషా మేళం. ఇవి ఈనాడు పుట్టినవి కావు. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైల యాత్రకు వచ్చిన భక్తుల ఆటపాటలను వివరంగా వర్ణించాడు. అదే శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుని గజసేనాని జాయపుడు నృత్తరత్నావళిలో మార్గ పద్ధతితో పాటు దేశి నృత్యాలకూ చోటిచ్చాడు. పండితులు ఈ ఆటలను గుర్తించిన సందర్భాలు మనకు ఉన్నాయి. కాకపోతే ఆడినవారి పేర్లు వ్రాయలేదు.

ఆధునిక కాలంలో ఈ జాతరలను గురించి వ్రాసినవారిలో మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ ఒకరు. దక్షిణ భారత గ్రామదేవతల మీద ఆయన పుస్తకం 1916లో వచ్చింది. అందులో ఏలూరు ఉత్సవం ప్రస్తావన ఉంది. ఒక్కరోజున పదివేల దాకా జంతువులను బలి ఇస్తారని ఆయన వ్రాశాడు. ఆ లెక్క ఆయన కళ్ళారా చూసినది కాదు, స్థానికుడైన ఒక బ్రాహ్మణుడు చెప్పగా విన్నది. జాతరను ఎన్నడూ తనదిగా భావించని ఒకరు, దానిని దూరం నుండి చూసే మరొకరికి చెప్పిన సంఖ్య అది. అందులో రక్తం లెక్క ఉంది, ఆట లెక్క లేదు. ఆ పుస్తకం విలువైనదే. కాని ఒకే కన్నుతో చూసినది. 1950లో జంతుబలి నిషేధ చట్టం వచ్చింది. చట్టం వచ్చినా జాతర ఆగలేదంటే, దాని ప్రాణం బలిలో మాత్రమే లేదన్నమాట.

ఏలూరులో ఈనాటికీ ఏడేళ్ళకొకసారి గంగానమ్మ జాతర జరుగుతుంది. అమ్మవారికి ప్రత్యేకంగా మేడలు కట్టి, అందులో కొలువు తీర్చి, రోజుల తరబడి నైవేద్యాలు పెట్టి, చివరకు మేళతాళాలతో సాగనంపుతారు. ఈ సాగనంపడంలోనే చరిత్ర ఉంది. మశూచికాన్ని మన పెద్దలు 'అమ్మవారు పోసింది' అనేవారు. కలరాకు కూడా అమ్మవారి కోపమే కారణమనేవారు. వచ్చిన తల్లికి కడుపు నింపి, ఆడి పాడి, పొలిమేర దాటించాలి. మన దేశంలో మశూచికం చివరిగా కనబడినది 1975లో. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వ్యాధి భూమి మీద లేదని ప్రకటించింది. వ్యాధి పోయింది, సాగనంపు మిగిలింది. 2020 డిసెంబరులో అదే ఏలూరులో ఆరువందల మందికి పైగా ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయినప్పుడు, పరీక్షల్లో సీసం, పురుగుమందుల మాట బయటికి వచ్చింది. ఏ పేరు పెట్టుకొన్నా, కంటికి కనబడని కీడు నీటి ద్వారానో గాలి ద్వారానో వీధిలోకి వస్తుందన్న భయం పాతబడలేదు.

మన జాతరలను అనాగరికమనే చదువుకొన్నవారు ఐరోపా కార్నివాల్‌ను మాత్రం కళగా మెచ్చుకొంటారు. ఇటలీ ఉత్తరాన, బ్రెష్యా ప్రాంతపు కొండల్లో బగోలీనో అనే చిన్న ఊరు ఉంది. క్రైస్తవుల ఉపవాస దినాలకు ముందు వచ్చే సోమ, మంగళవారాల్లో అక్కడి మగవారు వయొలిన్ల వాద్యానికి వీధి వీధినా నృత్యం చేస్తారు. వారి టోపీలకు ఎర్రని రిబ్బన్లు చుట్టి, బంధుమిత్రుల ఇళ్ళ నుండి అడిగి తెచ్చిన బంగారు నగలను వాటి మీద కుడతారు. ఊరి బంగారం తల మీద పెట్టుకొని ఆ ఊరివారు ఆడతారు. ఊరి దైవాన్ని తల మీద పెట్టుకొని మా ఊరివారు ఆడతారు. కార్నివాల్ అన్న మాటకు మాంసాన్ని విడవడం అని అర్థం చెప్తారు. వారిది మాంసం మానే ముందు పండుగ, మనది మాంసమే నైవేద్యమైన పండుగ.

ఇంకొక పోలిక నన్ను మరింత ఆశ్చర్యపరచింది. వారి ఈస్టరు పున్నమిని బట్టి వస్తుంది. దానికి 47 రోజుల ముందు కార్నివాల్ చివరి మంగళవారం. లెక్క కడితే అది ఎప్పుడూ అమావాస్యకు అటూ ఇటూగా పడుతుంది. అధికమాసాల తేడా రాని సంవత్సరాల్లో ఆ అమావాస్య మన శివరాత్రి మరునాటిదే. 2026నే చూడండి: మహాశివరాత్రి ఫిబ్రవరి 15, కార్నివాల్ చివరి మంగళవారం 17, ఆనాడే అమావాస్య. వారు వేషాలు విప్పి ఉపవాసాలు మొదలుపెట్టే రోజుల్లో మన ఫాల్గుణం మొదలవుతుంది, కొల్లేటికోటలో డప్పులు మ్రోగుతాయి. ఒకరి నుండి ఒకరు నేర్చుకొన్నారని నేననను. చలి వెళ్ళి ఎండ ముదిరే ముందు, చంద్రుణ్ణి చూసి రోజులు లెక్కపెట్టే రైతులూ బెస్తలూ ఎక్కడున్నా ఒకేలా ఆడాలనుకొన్నారు, అంతే.

తేడా మరొకచోట ఉంది. బగోలీనోలో టోపీ పెట్టుకోవడం గౌరవం. మా వైపు చాలా ఊళ్ళలో గరగ నెత్తడం రజకుల హక్కుగా, డప్పు మాదిగల వృత్తిగా వచ్చాయి. జాతర మూడు రోజులూ వారి కాళ్ళకు పసుపు నీళ్ళు పోసి మ్రొక్కిన ఊరు, నాలుగవ నాడు వారిని మళ్ళీ ఊరి చివరకే పంపింది. ఆ ఇళ్ళ పిల్లలు చదువుకొని, ఆ పని మాకు వద్దు అంటే తప్పుపట్టే అధికారం ఎవరికీ లేదు. ఇటువైపు పెద్ద పెద్ద సౌండు బాక్సుల డీజే వచ్చి డప్పు వినబడకుండా చేసింది. గరగకు ఇచ్చే సంభావన కన్న డీజేకు ఇచ్చే బాడుగ ఎక్కువయినచోట ఏది మిగులుతుందో చెప్పనక్కరలేదు.

2023 గణతంత్ర దినోత్సవ కవాతులో కోనసీమ ప్రభల తీర్థం శకటంగా ఢిల్లీ వీధుల్లో నడిచింది. తెలంగాణలో బోనాలు 2014లో రాష్ట్ర పండుగయ్యాయి. సంతోషమే. కాని శకటం మీద పెట్టడం ఒకటి, ఆడేవానికి అన్నం పెట్టడం మరొకటి. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తిగారు 1992లో తెలుగువారి జానపద కళారూపాలన్నింటినీ ఒక గ్రంథంలోకి ఎక్కించారు. ఆ పని ఊరూరా కొనసాగాలి. ఏ ఊరి డప్పుకు ఎన్ని దరువులున్నాయి, ఏ దరువుకు ఏ అడుగు వేస్తారు, గరగను ఎవరు ఎవరికి అప్పగించారు, ఇవి ఇప్పటికీ కొందరు వృద్ధులకు నోటికి వచ్చు. చేతిలో ఫోను ఉన్న ప్రతివారి దగ్గరా నేడు కెమెరా ఉంది. ఈ ఫాల్గుణంలో కొల్లేటికోట వెళ్ళేవారు అమ్మవారి ఫోటోతో పాటు, డప్పు కొట్టే పెద్దాయన అనుమతి అడిగి, ఆయన పేరు, ఆయన గురువు పేరు, ఆయన వాయించే దరువుల పేర్లు కూడా వ్రాసుకొని రావాలని నా కోరిక. శాసనం చెక్కించే రాజులు ఇప్పుడు లేరు గనుక, ఆ పని మనమే చేయాలి.