గొట్టం, కర్ర: పెద్దాపురం సీమలో తుపాకీ చరిత్ర

తుపాకీలో ముఖ్యమైన భాగాలు మూడు: గుండును నడిపే గొట్టం, మందుకు నిప్పు అందించే యంత్రం, ఈ రెండింటినీ మోసే కర్ర. కర్ర వెనుక భాగాన్ని మడమ అంటారు. తుప్పు పట్టకుండా చూసుకుంటే గొట్టం కొన్ని తరాలు నిలుస్తుంది. కర్ర అలా కాదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది, చెదలకు దొరికితే మిగలదు. అందుకే పాత తుపాకీని బాగుచేయించడమంటే చాలాసార్లు కొత్త కర్ర వేయించడమే. గొట్టం మారితే మాత్రం తుపాకీ స్వభావమే మారిపోతుంది. గుండు వెళ్లే దూరం, గురి, వాడవలసిన తోటా అన్నీ గొట్టాన్ని బట్టే ఉంటాయి. ప్రభుత్వాలు కర్ర సంగతి పట్టించుకోక గొట్టం మీదే కన్ను వేసి ఉంచడానికి కారణం ఇదే. పెద్దాపురం సీమలో జమీందారీ కాలం నుంచి పంట కాపలా తుపాకీ దాకా నడిచిన చరిత్రలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

జామగి తుపాకీ

దక్షిణాదిలో చేతితుపాకీ ప్రాధాన్యం 16వ శతాబ్దంలో పెరిగింది. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించినప్పుడు క్రిస్తోవావ్ దె ఫిగెరెదో వెంట వచ్చిన పోర్చుగీసు తుపాకీదారులు ఆయన పక్షాన పోరాడారు. తరువాతి వందేళ్లలో మచిలీపట్నం, నరసాపురం రేవులకు ఐరోపా వర్తకులు రాకపోకలు సాగించారు. తుపాకీ తీరాంధ్రలోనూ మామూలు ఆయుధమైంది. గోదావరి డెల్టాకు ఉత్తరపు అంచున, మెట్ట నేల మీద ఉన్న పెద్దాపురం వత్సవాయి వంశీయుల సంస్థానానికి రాజధాని. దక్షిణాన వరిపొలాలు, ఉత్తరాన ఏలేరు లోయ, దాన్ని దాటితే మన్యం. ఇలాంటి చోట కోట కాపలాకూ, శిస్తు వసూలుకూ, వేటకూ సాయుధులైన బంట్లు అవసరమయ్యేవారు.

ఆ కాలపు నాటు తుపాకీకి నిప్పు జామగి నుంచి అందేది. జామగి అంటే మెల్లగా కాలే తాడు. మీట నొక్కితే దాని కొస వంగి, గొట్టం పక్కనున్న రంజకం (ముందుగా నిప్పు అందుకునే మందు) మీద పడుతుంది. రంజకం రగిలి లోపలి మందును అంటిస్తుంది. ఇనుప పట్టీని కడ్డీ చుట్టూ చుట్టి, కొలిమిలో కాల్చి, సమ్మెటతో అతికించి గొట్టం తయారుచేసేవారు. ఒకటి కంటే ఎక్కువ రకాల ఇనుమును మెలిపెట్టి అతికిస్తే పైన అలల్లాంటి చారలు తేలేవి. ఇలా చేసిన గొట్టానికి విలువ ఎక్కువ.

ఈ గొట్టాన్ని కర్రకు బిగించిన తీరు గమనించదగినది. మేకులూ మరలూ దిగ్గొట్టకుండా, తోలు పట్టీలతోనో లోహపు కట్లతోనో చుట్టి కట్టేవారు. కట్లు విప్పితే గొట్టం విడిగా వచ్చేస్తుంది. కర్ర విరిగితే వడ్రంగి కొత్తది చెక్కేవాడు, పాత గొట్టం దాని మీదికి ఎక్కేది. మ్యూజియాల్లోని జామగి తుపాకుల్లో గొట్టం ఒక కాలానిదీ కర్ర మరో కాలానిదీ కావడం అరుదేమీ కాదు.

చందుర్తి యుద్ధం

మూడు రకాల తుపాకులు ఒకే మైదానంలో ఎదురుపడిన సందర్భం పెద్దాపురం సీమ పక్కనే వచ్చింది. 1758లో విజయనగరం పాలకుడు ఆనందరాజు ఫ్రెంచివారి మీద తిరగబడి విశాఖపట్నాన్ని పట్టుకుని ఆంగ్లేయుల సాయం కోరాడు. బెంగాల్ నుంచి రాబర్ట్ క్లైవ్ పంపిన కర్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డు సుమారు 500 మంది ఐరోపా సైనికులతో, 2,000 మంది సిపాయీలతో వచ్చాడు. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్ దగ్గర ఐరోపా బలం అంతే ఉన్నా సిపాయీలు చాలా ఎక్కువ. ఆ డిసెంబరులో గొల్లప్రోలు దగ్గరి చందుర్తి వద్ద రెండు సేనలూ తలపడ్డాయి. ఎర్ర దుస్తుల్లో ఉన్న బెంగాల్ సిపాయీలనే ఫ్రెంచివారు ఆంగ్ల దళమని పొరబడి వారి మీదికి వెళ్లారు. ఎత్తుగా పెరిగిన పైరు చాటున ఉన్న అసలు ఆంగ్ల దళం పక్కనుంచి బయటపడి కాల్పులు జరిపింది. ఫ్రెంచివారు ఓడి రాజమహేంద్రవరం వైపు వెనుదిరిగారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మచిలీపట్నం కూడా ఆంగ్లేయుల వశమైంది.

ఆంగ్లేయులవీ ఫ్రెంచివారివీ చెకుముకి రాతితో నిప్పు రాజుకునే తుపాకులే. తేడా గొట్టం బిగింపులో ఉంది. ఫ్రెంచి తుపాకీలో గొట్టాన్ని కర్రకు ఇనుప కట్లు పట్టి ఉంచేవి. నాటు తుపాకీలాగే దాన్నీ సులభంగా విప్పి తుడవవచ్చు, కర్ర మార్చవచ్చు. ‘బ్రౌన్ బెస్’గా పేరుపడ్డ ఆంగ్ల తుపాకీలో గొట్టం అడుగున చిన్న కొక్కేలు ఉండేవి. కర్రలోంచి అడ్డంగా దూర్చిన సన్నని చీలలు వాటిని పట్టుకునేవి. చూపుకు నాజూకుగా ఉన్నా, ఊడదీసిన ప్రతిసారీ చీల రంధ్రాలు వదులై కర్ర చీలే ప్రమాదం ఉండేది. విజయనగరం కాల్బలంలో కొందరి దగ్గర నాటు తుపాకులుంటే, మిగిలినవారు ఈటెలతో, విల్లంబులతో వచ్చారు.

కంపెనీ గొట్టాలు

1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానాతోనూ, మరుసటి ఏడాది నిజాముతో కుదిరిన ఒప్పందంతోనూ ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీకి దక్కాయి. పెద్దాపురం పక్కనున్న సామర్లకోట కంపెనీ సైన్యానికి విడిది అయింది. సిపాయీల కోసం కంపెనీ చేయించిన తుపాకీలో గొట్టం పొడవు 39 అంగుళాలే. పాత ఆంగ్ల తుపాకీకి అది 46 అంగుళాలు ఉండేది. గొట్టం తగ్గడంతో బరువూ ఖర్చూ తగ్గాయి. ఫ్రాన్సుతో యుద్ధం ముదిరి ఆయుధాలు చాలనప్పుడు, 1790లలో బ్రిటిషు ప్రభుత్వం ఈ ‘ఇండియా పాటర్న్’నే తన సైన్యానికి తీసుకుంది.

1802 తరువాత సర్కారు జిల్లాల్లో శాశ్వత శిస్తు విధానం వచ్చింది. సేన పోషించే బాధ్యత, హక్కు రెండూ జమీందారుల చేతి నుంచి పోయాయి. పెద్దాపురం సంస్థానం ముక్కలై, 19వ శతాబ్దంలో క్రమంగా ప్రభుత్వం చేతికి వెళ్లింది. తుపాకీ అప్పటినుంచి దివాణంలో హోదాకూ వేటకూ, పల్లెలో పంట కాపలాకూ మిగిలింది.

గొట్టం మీద నిఘా

1857 తిరుగుబాటుతో బ్రిటిషువారి లెక్క మారింది. అప్పటి ఎన్‌ఫీల్డు తుపాకీ గొట్టం లోపల మరచుట్టు గాడులు ఉండేవి. గాడుల వెంట తిరుగుతూ వెళ్లే గుండు దూరానికి కూడా గురి తప్పదు. దాన్నే రైఫిల్ అంటారు. తిరుగుబాటు అణిగాక భారతీయ సైనికుల కోసం గాడులు లేని గొట్టాలతో ఎన్‌ఫీల్డులు వచ్చాయి. 0.577 అంగుళాల గొట్టాన్ని 0.656కు తొలిచి నునుపు చేశారు. కర్ర, ఆకారం అవే. దూరానికి తగిలే గుణం మాత్రం పోయింది. 20వ శతాబ్దంలో పోలీసుల కోసం బెంగాల్‌లోని ఇషాపూర్ తుపాకీ కర్మాగారంలో చేసిన 0.410 మస్కెట్ కూడా ఈ దారిలోదే. చూడటానికి అది సైనిక రైఫిలే, లోపల మాత్రం నునుపు గొట్టం.

లార్డ్ లిట్టన్ కాలంలో, 1878లో వచ్చిన ఆయుధాల చట్టం లైసెన్సును తప్పనిసరి చేసింది. ఐరోపావారికీ, కొందరు రాజులకూ, బిరుదుదారులకూ మినహాయింపు దొరికింది. రైతు మాత్రం ఒంటిగొట్టం నాటు తుపాకీకి కూడా అనుమతి పొందవలసిందే. మొదటి ప్రపంచయుద్ధం తరువాతే జాతిని బట్టి ఇచ్చే మినహాయింపు తొలగింది. సైనిక తోటా పౌరుల తుపాకీలో పట్టకూడదన్నది మరో నియమం. 0.303 కొలత పౌరులకు నిషిద్ధం కావడంతో, దాదాపు అలాంటి రైఫిల్‌నే 0.315 గొట్టంతో అమ్మారు. స్వాతంత్ర్యం తరువాత ప్రభుత్వ ఆయుధ కర్మాగారం వేటగాళ్ల కోసం చేసిన 0.315 స్పోర్టింగ్ రైఫిల్ ఈ వరుసలోదే.

ఏలేరు లోయకు ఆవల మన్యంలో ఈ చట్టాల అసలు బలం తెలిసింది. 1879లో రంప పితూరీ లేచింది. మన్యం మళ్లీ తిరగబడిన 1922లో, ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా దాడిచేసి 26 తుపాకులు, వాటి తోటాలు పట్టుకుపోయింది. స్టేషన్లనే ఎంచుకోవడంలో అర్థం ఉంది. నాటు తుపాకీకి మందు కొండల్లోనే సమకూరుతుంది. వెనుకనుంచి తోటా పెట్టే గొట్టానికి కర్మాగారంలో చేసిన తోటాయే కావాలి. తుపాకీ, తోటా రెండూ ఒకేచోట దొరికేది పోలీసు స్టేషన్‌లోనే.

పంట కాపలా తుపాకీ

ప్రస్తుత చట్టం 1959 నాటిది. 1962 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. పంట కాపలా కోసం ముందునుంచి మందు కూరే తుపాకీకీ, ఆత్మరక్షణకూ క్రీడకూ 20 అంగుళాలకు తగ్గని నునుపు గొట్టం తుపాకీకీ లైసెన్సు ఇవ్వడంలో ఈ చట్టం కొంత సడలింపు చూపింది. లైసెన్సు పుస్తకాల్లో కనిపించే ఎస్‌బీఎంఎల్, ఎస్‌బీబీఎల్, డీబీబీఎల్ అనే పొడి అక్షరాలు మొత్తం గొట్టానికి సంబంధించినవే: ఎన్ని గొట్టాలు, మందు ముందునుంచా, తోటా వెనుకనుంచా అని. కర్ర ఏ చెట్టుదో అడిగే గడి అందులో లేదు.

పెద్దాపురం మెట్టలో, ఏలేరు వెంబడి చెరకు, దుంప, వరి పొలాలకు అడవి పంది పాత శత్రువు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక లైసెన్సు ఉన్న తుపాకీ ఒక్కటే చాలదు. పంట పాడుచేస్తున్న జంతువును కాల్చాలన్నా అటవీ అధికారుల నుంచి అనుమతి విడిగా తీసుకోవాలి.

గొట్టం ఎంపిక, కర్ర ఎంపిక

ఏ గొట్టం కావాలో నిర్ణయించేది అవసరం. అమెరికా పచ్చికమైదానాల్లో ఉడుత జాతి చిన్న జంతువులను 200, 300 గజాల దూరం నుంచి కొట్టడానికి ఒక ప్రత్యేక రైఫిల్ రూపొందింది. దాని తోటా చిన్నది, వేగం ఎక్కువ. గొట్టం బరువైనది కావడంతో వరుసగా కాల్చినా త్వరగా వేడెక్కదు, గురి చెదరదు. గోదావరి మెట్టలో అవసరం వేరు. చెరకుతోటలోంచి దూసుకొచ్చే పంది కనబడేది 30, 40 గజాల లోపే. ఊళ్లు దగ్గరదగ్గరగా, నేల చదునుగా ఉన్నచోట మైలు దూరం పోయే రైఫిల్ గుండు మనుషులకే ప్రమాదం. అందుకే ఇక్కడ 12 బోరు నునుపు గొట్టమే స్థిరపడింది. ఒక పౌను సీసంతో సమానమైన 12 గుండ్లు పోస్తే ఒక్కో గుండు ఎంత ఉంటుందో ఆ గొట్టం వ్యాసం అంత, అంటే సుమారు 0.729 అంగుళాలు.

కర్ర విషయంలో మొదటి శత్రువు తేమ. ఉబ్బిన కర్ర గొట్టాన్ని ఒక పక్కకు నెడితే గురి మారుతుంది. ఇషాపూర్‌లో చేసిన సైనిక రైఫిళ్లకు ముందు కర్ర చీలకుండా అడ్డంగా ఒక మర బిగించింది ఇలాంటి ఇబ్బందికే. ఐరోపా సంప్రదాయంలో తుపాకీ కర్రకు అక్రోటు చెక్క పేరుపొందింది. ఏ చెక్క అయినా బాగా ఆరి ఉండాలి. చేయి పట్టే సన్నని మెడ దగ్గర నార కర్ర పొడవునా తిన్నగా సాగాలి. అక్కడ నార అడ్డం తిరిగితే కాల్పు అదురుకు విరుగుతుంది. మడమ పొడవు కాల్చేవాడి చేతికి సరిపోవాలి. ఫైబర్‌గ్లాసు కర్ర తేమకు ఉబ్బదు. రైఫిల్ గొట్టం ముందు భాగాన్ని కర్రకు తగలకుండా వదిలే పద్ధతి కూడా ఈ సమస్యకు విరుగుడే.

చట్టం దృష్టిలో తుపాకీ విడిభాగం కూడా ఆయుధమే. మరమ్మతు అయినా, భాగాల అమ్మకం అయినా లైసెన్సు ఉన్న దుకాణంలోనే జరగాలి. కర్ర మార్చినా లైసెన్సులో రాసిన కొలత అలాగే ఉంటుంది. గొట్టాన్ని పొట్టి చేయడానికి మాత్రం విడిగా లైసెన్సు కావాలి. 2019 సవరణ తరువాత తుపాకీని ఒక తరగతి నుంచి మరో తరగతికి మార్చడానికీ అదే నియమం. తుపాకీ మీద చెక్కిన గుర్తింపు నంబరు చెరపడం నేరం. కొత్త గొట్టం కావాలనుకునే యజమాని లైసెన్సు ఇచ్చిన అధికారి అనుమతితో మొదలుపెట్టాలి. తోటా, దూరం, బరువు గురించిన ఎంపిక ఆ తరువాతి సంగతి.