వైఫైకి లాగిన్ ఎందుకొచ్చింది?

మా పత్తికొండ నుంచి కర్నూలుకో కడపకో ఇంజనీరింగుకు వెళ్ళే పిల్లలకు, వైఫైలో పేరూ పాస్‌వర్డూ కొట్టడం మామూలే. ఆ అలవాటు వెనక 2008 ఉంది.

ఆ ఏడు జూలై 26న, అహ్మదాబాద్ పేలుళ్ళకు కాసేపటి ముందొచ్చిన బెదిరింపు మెయిలు నవీ ముంబైలో ఒకరింటి వైఫై నుంచి వెళ్ళింది. ఆగస్టు 23న ఇంకోటి, ముంబై మాటుంగాలోని ఖాల్సా కాలేజీ వైఫై నుంచి. ఐపీ అడ్రసు పట్టుకుని వెళ్తే కాలేజీ దొరికింది, మనిషి దొరకలేదు. 2009 ఫిబ్రవరిలో టెలికాం శాఖ ప్రొవైడర్లకు చెప్పేసింది: వాడేదెవరో తెలియకుండా వైఫై ఇవ్వొద్దని.

తిరకాసు ఇక్కడే. లాగిన్ పేజీ మనమెవరో చెబుతుంది గానీ, గాల్లో వెళ్ళే డేటాకు తాళం వెయ్యదు. ఓపెన్ నెట్‌వర్కయితే పక్క గదివాడూ వినొచ్చు. (హెచ్‌టీటీపీఎస్ పుణ్యమా అని ఇప్పుడు లోపలి సంగతి కనబడదు లెండి, ఏ సైటో మాత్రం చాలావరకు తెలిసిపోతుంది.) మనిషికో తాళంచెవి ఇచ్చేది 802.1ఎక్స్. అది పెట్టడానికి సర్వరు కావాలి, ఓపికా కావాలి. లాగిన్ పేజీ అయితే ఓ పూట పని!

పోలీసుల అవసరానికి ఏడాదిలోపే ఆదేశం వచ్చింది. ప్రైవసీ ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు చెప్పడానికి 2017 ఆగస్టు దాకా పట్టింది. ఇంతకీ మీ కాలేజీలో ఆ లాగులు ఎన్నాళ్ళుంచేవారు, ఎవరు చూసేవారు? మీకెవరైనా చెప్పారా?