దంచడం, నూరడం, రుబ్బడం, తరగడం

మన అమ్మమ్మల వంటింట్లో "గ్రైండ్ చేయడం" అనే మాటే లేదు. మిరపకాయలు దంచేవారు. పచ్చడి నూరేవారు. మినప్పప్పు రుబ్బేవారు. కందులు విసిరేవారు. కూర తరిగేవారు, కొబ్బరి కోరేవారు. ఒక్కో పనికి ఒక్కో క్రియ, దానికో సాధనం. రోలూ రోకలీ, సన్నికల్లు, రుబ్బురోలు, తిరగలి, కత్తిపీట, కోరాము. పాటలు కూడా అంతే, దంపుళ్ల పాటలు వేరు, తిరగలి పాటలు వేరు. ఇప్పుడు వాటిని తియ్యగా తలుచుకుంటాం గానీ అవి భుజాల నొప్పి మరిచిపోవడానికి పాడుకున్న పాటలు. (బి.ఎ.లో మా పరీక్షకి వాటి బాణీల గురించి అడిగారు. ఒక్క పాట అయ్యేలోపు ఎన్ని కందులు విసరాలో ఎవరూ అడగలేదు.)

ఇప్పుడు షాపుకెళ్లి "పదేళ్లు నిలిచే ఫుడ్ ప్రాసెసర్ చూపించండి" అంటే వాళ్లు వాట్లు చెబుతారు, జార్లు ఎన్నో చెబుతారు, వారంటీ చెబుతారు. అది ఈ క్రియల్లో దేని కోసం పుట్టిందో మాత్రం చెప్పరు. నన్నడిగితే ముందు తెలుసుకోవాల్సింది అదే. వేలకి వేలు పోసి కొన్నది ఏడాదికే అటకెక్కిందంటే, చాలాసార్లు దాని పని కాని పని దానికి చెప్పి ఉంటారు.

మొదట పుట్టింది బ్లెండర్. 1922లో అమెరికాలో స్టీఫెన్ పొప్లావ్‌స్కీ అనే ఆయన సోడా దుకాణాల్లో పాలపానీయాలు కలపడానికి గ్లాసు అడుగున తిరిగే బ్లేడు పెట్టి పేటెంటుకి దరఖాస్తు చేశాడు. 1937లో ఫ్రెడ్ వేరింగ్ అనే బ్యాండు నాయకుడు ఆ బాపతు యంత్రాన్నే బజారుకి తెచ్చాడు. పాలు, పళ్లు, సూపు, అన్నీ జారే పదార్థాలే. మన క్రియల్లో ఒక్కటీ దానికి వర్తించదు. మహా అయితే "చిలకడం" అనొచ్చు.

మన వైపు మొదటి అడుగు కోయంబత్తూరులో పడింది. 1955లో పి. సభాపతి అనే ఆయన రుబ్బురోలుకి మోటారు తగిలించారు. రాయి రాయిగానే ఉంది, మారింది చెయ్యి మాత్రమే. ఆ రాయి మెల్లగా తిరుగుతుంది కాబట్టి పిండి వేడెక్కదు. గారెల పిండి మిక్సీలో వేసినదానికీ గ్రైండరులో రుబ్బినదానికీ తేడా మీకు నేను చెప్పక్కర్లేదు. కోయంబత్తూరు వెట్ గ్రైండరుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, మన తిరుపతి లడ్డూకి వచ్చినట్టే.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ బొంబాయిలో జరిగింది. 1960ల మొదట్లో మాధురీ మాథుర్ అనే గృహిణి దగ్గర జర్మనీ బ్రాన్ మిక్సర్ ఒకటి ఉండేది. అది పాడైపోయింది, బాగుచేయించే దారి దొరకలేదు. భర్త సత్యప్రకాశ్ మాథుర్ సీమెన్స్‌లో ఇంజనీరు. మన వంటకి తట్టుకునే మిక్సీ మీరే చెయ్యండని ఆవిడ పట్టుబట్టారని చెబుతారు. అలా 1963లో మొదలైన కంపెనీ నుంచి వచ్చిందే సుమీత్ మిక్సీ. సుమీత్ అంటే మంచి స్నేహితుడు.

అలాంటి విదేశీ మిక్సర్లు మన ఇళ్లలో ఎందుకు నిలవలేదో ఒక్కసారి చూడండి. అవి తయారైంది మెత్తటి, తడి పదార్థాల కోసం. మనం వాటిలో ఎండుమిర్చి వేస్తాం, ధనియాలు వేస్తాం, పచ్చికొబ్బరి వేసి నీళ్లు పొయ్యొద్దంటాం. గట్టి పచ్చడి బ్లేడు చుట్టూ గూడు కట్టేస్తుంది. బ్లేడు బరువు లాగలేక మోటారు నెమ్మదిస్తే కరెంటు ఎక్కువ లాక్కుంటుంది. మోటారుని చల్లబరిచే ఫ్యాను కూడా ఆ ఇరుసు మీదే ఉంటుంది కాబట్టి అదీ నెమ్మదిస్తుంది. వేడి పెరుగుతుంది, చల్లదనం తగ్గుతుంది, లోపలి తీగచుట్టకి పూసిన వార్నిషు కాలుతుంది. ఆ వాసన తెలియని ఇల్లాలు ఉండదనుకుంటా. మాథుర్ గారు బలమైన మోటారు, గట్టి స్టీలు జార్లు పెట్టారు, పనికో బ్లేడు చేశారు. అంటే దంచడం, నూరడం అనే మాటలు మొదటిసారి ఒక మోటారుకి అర్థమయ్యాయి. కథ రాసేవాళ్లు ఇంజనీరు పేరు ముందు పెడతారు. కానీ ఏం నూరాలో, ఎంత గట్టిగా నూరాలో తెలిసిన మనిషి చెప్పకపోతే ఆయన ఆ మోటారుని ఏ కొలతకి చేసేవారు?

ఫుడ్ ప్రాసెసర్ పుట్టిల్లు ఇవేవీ కాదు, ఫ్రాన్సు. హోటళ్లకి సరుకు అమ్మే పియెర్ వెర్దన్, అక్కడి వంటవాళ్లకి తరగడంతోనే పొద్దు గడిచిపోవడం చూసి, వెడల్పాటి గిన్నె అడుగున కత్తి తిరిగే యంత్రం తయారు చేశాడు. 1960ల్లో రోబో కూప్ పేరుతో హోటళ్లకి, 1970ల మొదట్లో మాజిమిక్స్ పేరుతో ఇళ్లకి వచ్చింది. కార్ల్ సోంథైమర్ అనే ఇంజనీరు దాన్ని చూసి ముచ్చటపడి 1973లో క్విజినార్ట్ పేరుతో అమెరికాలో దించాడు. దాని క్రియ తరగడం, తురమడం, పిండి కలపడం. అందులోది ఇండక్షన్ మోటారు, అరిగిపోయే కార్బన్ బ్రష్‌లు ఉండవు. నిమిషానికి 1500 నుంచి 1800 చుట్లు తిరుగుతుంది. మన మిక్సీ అయితే 18,000 దాటుతుంది. అందుకే అది ఏళ్లకేళ్లు చప్పుడు లేకుండా పనిచేస్తుంది. అందుకే దానిలో కందిపొడి కొడితే పలుకులు పలుకులుగానే మిగులుతుంది.

గట్టిదన్న దానికీ ఎక్కడో ఒకచోట బలహీనత ఉంటుంది. 2016 డిసెంబరులో క్విజినార్ట్ అమెరికాలో దాదాపు 80 లక్షల ప్రాసెసర్ల బ్లేడ్లు వెనక్కి పిలిపించింది. రివెట్లు కొట్టిన బ్లేడు చీలి ముక్కలు తిండిలో పడుతున్నాయని. వాటిలో 1996లో అమ్మినవీ ఉన్నాయి. ఇరవై ఏళ్ల నాటి యంత్రాలు ఇంకా వంటిళ్లలో తిరుగుతున్నాయన్నమాట! మోటారు బతికే ఉంది, బ్లేడు ఓడిపోయింది.

మన బజారులో ఫుడ్ ప్రాసెసర్ అని అమ్మేవాటిలో చాలావరకు మిక్సీ మోటారు మీద వెడల్పు గిన్నె కూర్చోబెట్టినవే. తప్పేమీ లేదు, కానీ రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు, ఆ ఒక్క మోటారే నూరాలి, తరగాలి, చపాతీ పిండీ కలపాలి. అన్నిటికంటే దాన్ని చంపేది చపాతీ పిండి. ఇంట్లో రోజూ ఇరవై చపాతీలు అయ్యేవాళ్లు దానికోసమే చేసిన యంత్రం విడిగా చూసుకోండి. రోజూ ఇడ్లీ దోసె అయ్యే ఇంటికి గ్రైండరు. పచ్చళ్లు, పొడులు మాత్రమే అయితే మంచి మిక్సీ చాలు, ప్రాసెసర్ గిన్నెకి డబ్బు దండగ. పసుపు కొమ్ములు మాత్రం దేనిలోనూ వెయ్యకండి, మిల్లు ఉంది.

వాట్లు చూసి మురిసిపోనక్కర్లేదు. అది లాగే కరెంటు లెక్క, చేసే పని లెక్క కాదు. యంత్రం మీద "30 నిమిషాలు" అని రాసి ఉంటే అరగంట ఏకధాటిగా తిప్పమని కాదు, అయిదు నిమిషాలు నడిపి రెండు నిమిషాలు ఆపుతూ అని. జారు అడుగున నల్లటి తడి కనిపిస్తే బుష్ అరిగినట్టు. అప్పుడే మార్పిస్తే చిన్న ఖర్చు, ఊరుకుంటే ఆ తడి మోటారులోకి దిగుతుంది. జారు కూర్చునే చోట ఉండే కప్లర్ విరిగితే కంగారు పడకండి, మోటారు బదులు అది విరగాలనే దాన్ని మెత్తగా చేస్తారు.

అమెరికా వెళ్లే ఆడపిల్లల సూట్‌కేసుల్లో మిక్సీ సర్దే తల్లులకి ఒక మాట. అక్కడ కరెంటు 120 వోల్టులు. ఇక్కడి 220 వోల్టుల మిక్సీ అక్కడ నీరసంగా తిరుగుతుంది తప్ప నూరదు. అక్కడి వోల్టేజీకి చేసిన మన మిక్సీలే దొరుకుతున్నాయి, అవి కొని పంపండి.

కొనే ముందు షోరూముకి కాకుండా మీ వీధి చివర మిక్సీలు బాగుచేసే అబ్బాయి దగ్గరికి ఒకసారి వెళ్లండి. ఏ కంపెనీ బుష్‌లు, కప్లర్లు, బ్రష్‌లు అతని డబ్బాలో సిద్ధంగా ఉన్నాయో, వేటికి "ఆర్డరు పెట్టాలి మేడం" అంటాడో అడిగి, ఆ తర్వాత షోరూముకి వెళ్లండి.